మఠంలో మూడు ప్యాకెట్ల పంచదార

మా నాన్న పాస్టరు. గుంటూరు దగ్గర ఒక ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా ఒకటే చర్చి, ఒకటే మైకు. ఏ ఆదివారం ఏ వాక్యం తీసుకున్నా చివరికి సారా దగ్గరికి వచ్చి తీరేవాడు. ఆయన తమ్ముడు, మా బాబాయి, తాగి తాగి చిన్న వయసులోనే పోయాడు. ఆ కోపం నాన్నకి ఈ జన్మలో పోదు. నాకు పన్నెండేళ్ళప్పుడు సంఘం ముందు నిలబెట్టి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఒక్క చుక్క కూడా నోట్లో పెట్టనని ప్రమాణం చేయించాడు. నేనూ చేశాను. నలభై దాటేదాకా నిలబెట్టుకున్నాను కూడా.

అలాంటి దాన్ని పోయి పోయి వైన్ చేసే మఠంలో వంటకి కుదిరాను.

తెలిసి కుదరలేదు లెండి. మేం న్యూజీలాండ్ వచ్చి హామిల్టన్‌లో సెటిల్ అయిన కొత్త. మా ఆయన పాలు పితికే మెషిన్లు రిపేరు చేసే కంపెనీలో పని చేస్తూ రోజంతా డైరీ ఫారాల చుట్టూ తిరిగేవాడు. నాకు ఇంట్లో పిచ్చెక్కిపోతోంది. పక్కింటి కివీ ఆవిడ చెప్పింది: నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే కొండ మీద పాత మఠం ఉంది, అయిదుగురు ముసలి సన్యాసులు, వంటమనిషి మానేసింది, వెళ్ళి అడుగు అని. ఆర్‌సీఎం వాళ్ళని, అంటే కాథలిక్కులని తెలుసు. అయితే ఏం, దేవుడి మనుషులేగా అనుకుని వెళ్ళాను. వంటిల్లు చూపించారు, స్టోరు చూపించారు. మూడో తలుపు తియ్యగానే చల్లగాలితో పాటు గుప్పుమని ఒక వాసన కొట్టింది. గోడ పొడుగునా చెక్క పీపాలు.

"ఇవేంటి?" అన్నాను.

"వైన్. నూరేళ్ళు దాటింది ఇక్కడ మేం చేయబట్టి," అన్నాడు నాకు ఇల్లు చూపిస్తున్న ముసలాయన, మనం ఆవకాయ గురించి చెప్పుకున్నంత మామూలుగా.

"ఎవరికి?"

"దేవుడికి. కాస్త మాకు."

ఓరి నాయనో! మెడలో సిలువ, నడుం చుట్టూ తాడు, నోట్లో ఆ మాట. నా చెయ్యి దానంతటది నోటి మీదికి పోయింది. తిరుగుదారిలో కారు పక్కకి ఆపి మా ఆయనకి ఫోన్ చేస్తే, నా గోల విని పడీ పడీ నవ్వాడు. "నిన్ను తాగమన్నారా? వండమన్నారు. వండు," అన్నాడు.

నాన్న మాత్రం నవ్వలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో మొదటి మాటే అది: "ఏమ్మా, ఇంకా ఆ సారా కొట్లోనే పనా?" నేను కూరలూ సూపులే ముట్టుకుంటున్నానని నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. అయినా ఆయన ఊరుకోలేదు. మా అమ్మాయి పని చేసే చోట ఆ మత్తు తయారీ ఆగిపోవాలి, అందరూ ప్రార్థనలో పెట్టండి అని చర్చిలో చెప్పేశాడట. వారం వారం మా ఊరు ఊరంతా మోకాళ్ళ మీద కూర్చుని న్యూజీలాండ్‌లో ఒక పీపా మూతపడాలని వేడుకుంటోందన్న మాట. నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి.

ఆ పీపాల ముసలాయన్ని అందరూ బ్రదర్ అనేవారు. అక్కడ అయిదుగురిలో ముగ్గురు బ్రదర్లే అయినా, నేను ఉత్త బ్రదర్ అంటే ఈయనే. ఎనభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న పెన్సిలు. ఇరవై ఏళ్ళప్పుడు ఈ కొండెక్కి, అప్పటి ముసలి బ్రదర్ దగ్గర వైన్ పని నేర్చుకుని, మళ్ళీ దిగలేదు. పెద్ద తోటంతా ఎప్పుడో ఎవరికో లీజుకిచ్చేశారు. ఆయన చేతిలో మిగిలింది వంటింటి వెనక మూడు వరసల తెల్లద్రాక్ష, ఒక్క పీపా. మిగతావన్నీ ఖాళీ. ఆ ఒక్క పీపా చుట్టుపక్కల చర్చిల్లో పూజకి వెళ్ళేది. ఏడాదికి అదే ఆయన పని, అదే ఆయన బతుకు.

నేను చేరేనాటికి ఆయనకి గొంతులో గడ్డకి రేడియేషన్ అయి కొద్ది నెలలే. నోటికి రుచి పోయిందనీ, మళ్ళీ వచ్చేసిందనీ, దేవుడి దయ అనీ మిగతా వాళ్ళు చెప్పారు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి పంటకే నన్ను తోటలోకి లాగాడు. పళ్ళు కొయ్యడం, తొక్కడం, మడ్డి తియ్యడం, అన్నిటికీ పక్కన నిలబెట్టుకునేవాడు. "ఒకటే రూలు," అన్నాడు మొదటి రోజే. "ద్రాక్ష తప్ప ఇందులో ఏమీ కలవకూడదు." నేను బుద్ధిగా తలూపాను. పాలల్లో నీళ్ళు పోసేవాళ్ళని చిన్నప్పట్నించీ చూసినదాన్ని, నాకు కల్తీ తెలియదా?

రోజూ గ్లాసులో రెండు చుక్కలు పట్టి నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "వాసన చెప్పు." నాకు వైన్ మాటలు ఎక్కడ వస్తాయి? వంటింట్లో ఉన్నవే చెప్పేదాన్ని. ఇవాళ నానబెట్టిన చింతపండు. ఇవాళ పచ్చిమామిడి, జీడి వైపు. ఇవాళ బెల్లం పాకం మాడబోతున్నప్పుడు వచ్చే వాసన. ఆయన ఒక్కోదానికి అర్థం అడిగి, తల పంకించి, పెన్సిలు నాలుకకి అద్దుకుని నోటుబుక్కులో రాసుకునేవాడు. నాకు నేర్పుతున్నాడు కాబోలు, పరీక్ష పెడుతున్నాడు కాబోలు అని మురిసిపోయేదాన్ని. తాగమని ఒక్కసారి కూడా అనలేదు. నా ప్రమాణం సంగతి చెబితే, "ప్రమాణాల సంగతి మాకు తెలియదా," అని నవ్వాడు.

మూడో ఏడు చలికాలంలో ఆక్లాండ్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ వీళ్ళందరికీ పెద్ద ఫాదర్ ఒకాయన ఉంటాడు. రెండేళ్ళుగా వైన్ పుల్లగా ఉందని చర్చిల వాళ్ళు అంటున్నారట. తానే వచ్చి రుచి చూస్తాడట. బాగుంటే సరే, లేకపోతే పీపా మూసేసి, ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకుంటారు, ఆ మూడు వరసలూ పీకేస్తారు. బ్రదర్ ఆ ఉత్తరాన్ని భోజనాల బల్ల మీద గట్టిగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని సూపు తాగాడు.

పెద్ద ఫాదర్ వచ్చే ముందురోజు, కూరగాయల తోట చూసుకునే ఇంకో బ్రదర్ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు: "ఈసారీ పులుపే. నేను నిన్న రుచి చూశాను. పాపం, ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ అంతే, చాటున పాపం అంటారు, ఒక్కడూ ఏమీ చెయ్యడు. పులుపేగా? పులుపుకి ఏం చెయ్యాలో మా ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు.

మా చర్చిలో నెలకో ఆదివారం ప్రభువు బల్ల, అందరికీ రొట్టె ముక్కా ద్రాక్షరసమూ ఇస్తారు. దానికి ద్రాక్షరసం మా అమ్మే చేసేది. శనివారం నల్ల కిస్‌మిస్ నానబోసి, ఉడకబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి, పుల్లగా ఉంటే పంచదార. చెంబుకి గుప్పెడు. ఉపవాస ప్రార్థన రోజుల్లో చేస్తే రుచి కూడా చూసేది కాదు, చేతి అంచనాయే. ముసలమ్మలు ఆ చిన్న కప్పులు నాకి నాకి, "అమ్మగారి చెయ్యి తీపి," అనేవారు. పంచదార కలపడం అంటే మాకు కల్తీ కాదు. అది వంటలో భాగం. ఉప్పు వేసి కూరని కల్తీ చేశానని ఎవరైనా అంటారా?

అందుకని, మధ్యాహ్నం భోజనాలయ్యాక అయిదుగురూ కునుకు తీస్తున్నప్పుడు, స్టోరులోంచి మూడు ప్యాకెట్లు పంచదార తీసుకుని పీపాల గదిలోకి వెళ్ళాను. కుళాయి తిప్పి రెండు బకెట్లు తోడాను. గరిటెతో కలిపి, కరిగించి, పైన బిరడా తీసి మళ్ళీ పోశాను. కర్రతో లోపలంతా తిప్పాను. పట్టకుండా మిగిలిన జగ్గుడు సింకులో పారబోశాను. రుచి చూడలేదు. ప్రమాణం ఉందిగా! చేతి అంచనా మా అమ్మది. వెళ్తూ వెళ్తూ పీపా మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశాను, నా మొహం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున బ్రదర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. గ్లాసులో కొంచెం పట్టి, వెలుతురుకి ఎత్తి చూశాడు. నోట్లో పోసుకుని పుక్కిలించి మింగాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. మెచ్చుకుంటాడో, కనిపెట్టి తిడతాడో.

"ఎప్పటిలాగే ఉంది," అన్నాడు. "తీపి ఆనవాలే లేదు. శుభ్రంగా ఉంది."

నాకు అర్థం కాలేదు. మూడు ప్యాకెట్లు! నాలుగున్నర కిలోలు! పొరపాటున వేరే పీపాలో పోశానా అనుకున్నాను. మిగతావి ఖాళీవి.

"ఇంకోసారి చూడండి బ్రదర్," అన్నాను.

చూశాడు. అదే మాట.

అప్పుడు నాకు ఎప్పటిదో ఒక సంగతి గుర్తొచ్చింది. నేను చేరిన మొదటి నెలలో ఒకరోజు సూపులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నలుగురూ మొహం చిట్లించారు. ఈయనొక్కడే గిన్నె ఖాళీ చేసి థాంక్స్ చెప్పాడు. ఇంకోసారి కేకులో పంచదారకి బదులు ఉప్పు పడింది. అప్పుడూ అంతే, ముక్క మిగల్చలేదు. ఎంత మంచివాడో, నా మనసు నొప్పించకూడదని తింటున్నాడు, సాధువంటే ఈయనే అని మా ఆయనకి చెప్పి కళ్ళు తుడుచుకున్నదాన్ని.

కిటికీలో నోటుబుక్కు ఉంది. ఆయన ముందే తీశాను. వెనక్కి తిప్పాను. పాత పేజీల్లో ఏవో పువ్వుల పేర్లు, రాళ్ళ పేర్లు, యాపిల్, తేనె, తడిసిన గడ్డి, అన్నీ ఆయన మాటలే. నేను వచ్చిన ఏడు నుంచి చింతపండు, పచ్చిమామిడి, బెల్లం. అన్నీ నావే. ఒక్కటి, ఒక్క మాటైనా ఆయనది లేదు.

నోటుబుక్కు మూసి కిటికీలో పెట్టేశాను.

"మీకు రుచి తిరిగి రాలేదు," అన్నాను.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. "రాలేదు," అన్నాడు. "ముక్కు కూడా పోయింది. చెబితే ఆ రోజే మూసేస్తారు. నువ్వు ఉన్నావు కదా అనుకున్నాను."

నేను ఉన్నాను కదా! వైన్ అంటే ఏంటో తెలియని, దాన్ని నోట్లో పెట్టని, పాస్టరు కూతుర్ని. మూడేళ్ళు నా ముక్కు పట్టుకుని ఆయన ఆ పీపా నడిపాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇంత నాటకమా అని అరవబోయాను. కానీ నా నాటకం మాటేమిటి?

"బ్రదర్, నేను అందులో పంచదార కలిపాను," అన్నాను.

ఆయన నన్ను ఎలా చూశాడో చెప్పలేను. ఎనభై దాటిన మనిషి మొహంలో రక్తం అలా దిగిపోవడం అంతకు ముందు నేను చూడలేదు.

"ఎంత?"

చెప్పాను.

"ఏమీ కలపకూడదని చెప్పాను."

"పంచదారండీ! విషం కాదు!" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే తల కొట్టేసుకోవాలనిపిస్తుంది.

ఆయన కోప్పడలేదు. బాగా మెల్లగా చెప్పాడు. ద్రాక్ష కానిది ఒక్క చెంచా కలిసినా దాన్ని బలిపీఠం మీద పెట్టకూడదు. తనకి పని నేర్పిన ముసలాయన ఒక ఏడు వానలకి పళ్ళు పాడైపోతే, పుల్లటి వైనే పంపాడు గాని గింజంత పంచదార వెయ్యలేదట. పులుపు తప్పు కాదట, ఇది తప్పట. నేను కాపాడాను అనుకుంటున్నది ఆ పీపాని. నేను ముంచింది ఆ పీపానే.

బయట కారు ఆగిన చప్పుడైంది.

పెద్ద ఫాదర్ గుండ్రటి మొహం, నవ్వు కళ్ళు, అరవై ఏళ్ళుంటాయి. టీ వద్దన్నాడు. నేరుగా పీపా దగ్గరికి వచ్చాడు. బ్రదరే పట్టి ఇచ్చాడు గ్లాసు. నేను తలుపు దగ్గర గుడ్డ నలుపుతూ నిలబడ్డాను. ఆయన ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగాడు.

"ఇదేంటిది!" అన్నాడు. "ఎంత బాగుంది! ద్రాక్షలో తీపంతా ఉంచేశావే. గత రెండేళ్ళదీ ఇదీ ఒకే చేతి పనంటే నమ్మను. ఇంక వరసలు పీకే మాటే లేదు. నీకు ఓపికున్నన్నాళ్ళు చెయ్యి."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. అయిపోయింది! గట్టెక్కాం! తీపి వైన్ కూడా పూజకి వాడతారట, ఆయనకి అనుమానమే రాలేదు. సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకదాన్ని నేను, నేను చచ్చినా చెప్పను. రెండోది ఆయన. నేను కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. ప్రభువా, ఈ ముసలాయన నోరు మూయించు. ఈ ఒక్కసారికి అబద్ధం ఉండనీ. పాస్టరు కూతురు చేసిన ప్రార్థన ఇది.

బ్రదర్ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ఫాదర్, దీన్ని వాడకండి. ఇందులో పంచదార కలిసింది. కలిసిన సంగతి నేను తాగి కూడా కనిపెట్టలేకపోయాను. నాకు రుచి లేదు. మూడేళ్ళుగా లేదు. మీకు అబద్ధం చెప్పాను."

పెద్ద ఫాదర్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"ఎలా కలిసింది?" అన్నాడు చివరికి.

"పీపా బాధ్యత నాది," అన్నాడు బ్రదర్.

ఇంక నా వల్ల కాలేదు. "నేను కలిపాను! నేనే! ఆయనకి తెలియదు," అని అరిచాను. అరుస్తూనే బ్రదర్ మీదికి తిరిగాను. "ఎవరడిగారండీ మిమ్మల్ని? ఆయన బాగుందన్నాడుగా! ఊరుకుంటే ఏం పోయేది?" ఒక మఠంలో, ఇద్దరు పెద్దవాళ్ళ మీద అలా అరిచానంటే నాకే ఇప్పటికీ నమ్మకం కుదరదు. పెద్ద ఫాదర్ నన్ను తిట్టలేదు. పనిలోంచి తియ్యలేదు. బ్రదర్ భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఏడుతో ఆపేద్దాం," అన్నాడు. బ్రదర్ తలూపాడు. అంతే. నూరేళ్ళు దాటిన పని అరనిమిషంలో ముగిసింది.

మధ్యాహ్నం భోజనానికి ఆ వైనే బల్ల మీద పెట్టమన్నాడు బ్రదర్. పూజకి పనికిరాదు, భోజనానికి పనికొస్తుంది కదా అన్నాడు. వడ్డించి వంటింట్లోకి వచ్చేస్తుంటే, ఒక గ్లాసు పట్టుకుని వెనకే వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"వాసన చెబుతూనే ఉన్నావు ఇన్నాళ్ళూ," అన్నాడు. "నా ఆఖరి పీపా. ఎలా ఉందో నాకు తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు." గ్లాసు నా ముందు పెట్టాడు. తాగమనలేదు. నా ప్రమాణం సంగతి ఆయనకి గుర్తుంది. ఊరికే పెట్టి, పెన్సిలు తీసి, చూస్తూ కూర్చున్నాడు.

నాన్న కళ్ళ ముందు కనిపించాడు. మైకూ, బైబిలూ, బాబాయి ఫొటో. నేను గ్లాసు ఎత్తి తాగాను.

తీపి. ముందు తీపి, మా అమ్మ శనివారం చేసే కిస్‌మిస్ రసం తీపి, అచ్చం అదే చెయ్యి. తర్వాత గొంతులో వెచ్చగా ఏదో దిగింది. దాని అడుగున పులుపు ఉంది, దాక్కుని, గట్టిగా, నేను ఎంత పంచదార పోసినా పోకుండా. ఆ పులుపు బాగుంది. అయ్యో, బాగుంది! అది అలా ఉంటేనే బాగుండేది.

"చెప్పు," అన్నాడు.

"పైన మా అమ్మ. కింద మీరు," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన అది రాసుకుని, కింద గీత గీసి, నోటుబుక్కు మూసేశాడు. తర్వాత రెండు నెలలకి ఆయన్ని ఆక్లాండ్‌లో ముసలివాళ్ళ హోంకి పంపారు. వరసలు పీకే రోజు నేను సెలవు పెట్టాను.

అంతకు ముందే, పెద్ద ఫాదర్ వచ్చిన ఆ వారం ఆదివారమే, నాన్న ఫోన్ చేశాడు. చర్చి అయిపోయింది కాబోలు, వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి.

"ఏమ్మా, ఇంకా ఆ సారా కొట్లోనే పనా?"

"లేదు నాన్నా. వైన్ చెయ్యడం ఆపేశారు. ఇంక చెయ్యరు."

"ఆపేశారా!" అంత సంతోషం ఆయన గొంతులో ఎన్నో ఏళ్ళుగా వినలేదు. ఫోన్ పక్కకి పెట్టి చుట్టూ ఉన్న వాళ్ళకి గట్టిగా చెప్పాడు: "ఆపేశారంట! మన ప్రార్థన విన్నాడు! దేవునికి స్తోత్రం!" ఆమెన్, ఆమెన్ అని వెనక అందరూ అన్నారు.

మా ఇంట్లో ఒకరు స్తోత్రం అంటే రెండోవాళ్ళు ఆమెన్ అనాలి. మాటలు రాకముందే నేర్పుతారు అది. నాన్న నా ఆమెన్ కోసం ఆగాడు.

నేను ఫోన్ పెట్టేశాను.